ఆరోగ్య బీమా కొనలేదని జరిమానా వేయవచ్చా? ఒకసారి ఆ జరిమానా కట్టినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఉద్యోగం మారి టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి వస్తున్నారు, ఇక్కడ ఆరోగ్య బీమా లేనివారి దగ్గర రాష్ట్రం పన్నుతో పాటు జరిమానా కూడా వసూలు చేస్తుందని విన్నారు, ఏదో ప్రైవేటు కంపెనీ అమ్మే సరుకును సొంత డబ్బుతో కొని తీరాలని పౌరుణ్ణి శాసించే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిదని అడుగుతున్నారు. 2017 ఏప్రిల్‌లో ఎడిసన్‌లోని మా ఇంట్లో, డైనింగ్ టేబుల్ నిండా పన్ను కాగితాలు పరుచుకుని, నేను ఇదే ప్రశ్నను మీకంటే కాస్త పెద్ద గొంతుతో మా ఆవిడను అడిగాను. అప్పటి జరిమానా రాష్ట్రానిది కాదు, ఫెడరల్ ప్రభుత్వానిది. ఒబామా 2010 మార్చి 23న సంతకం చేసిన ఆరోగ్య బీమా చట్టం (ఒబామాకేర్ అంటారు) ప్రకారం 2014 నుంచి అది అమలులోకి వచ్చింది.

ముందు నా లెక్క చెబుతాను. 2016లో నేను ఉద్యోగం మానేసి సొంతంగా కాంట్రాక్టు పనులు చేసుకుంటున్నాను. మా ఆవిడకు తన ఆఫీసులో ఇన్సూరెన్స్ ఉంది, పాప కూడా అందులోనే ఉంది. నన్ను కలపాలంటే నెలకు మరో 400 డాలర్లు కట్టాలి. నాకు నలభై ఏళ్లు నిండలేదు, జ్వరం వస్తే టైలినాల్‌తో సరిపెట్టుకునే మనిషిని, జరిమానా పెద్దవారికి తలకు 695 డాలర్లేనని ఎవరో చెప్పగా విని ఉన్నాను. ఏడాదికి 4,800 కట్టడం కంటే 695 కట్టి ఊరుకోవడం నయమని ధీమాగా ఉండిపోయాను. తీరా ఫారం నింపుతుంటే తెలిసింది ఏమిటంటే, 695 అన్నది కనీస మొత్తం మాత్రమే. కుటుంబ ఆదాయంలో 20,700 పోగా మిగిలినదాని మీద రెండున్నర శాతం అంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువే కట్టాలి. మా ఇద్దరి ఆదాయం 88,000. లెక్క 1,682 డాలర్ల 50 సెంట్లకు తేలింది. కుటుంబమంతటికీ ప్రీమియం ఆదాయంలో 8.13 శాతం దాటితే మినహాయింపు ఇస్తారని చదివి ప్రాణం లేచి వచ్చింది కానీ, మాది నెలకు 580 చొప్పున 7.9 శాతం దగ్గరే ఆగిపోయింది. ఫారం 1040లో 61వ వరుసలో ఆ అంకె వేసిన క్షణం నాకిప్పటికీ గుర్తుంది.

కోపం పక్కన పెట్టి చూస్తే, జరిమానా కట్టినా నాకు మూడు వేల డాలర్లకు పైగా మిగిలినట్టే. ఈ నిబంధనను సమర్థించేవారు ఒప్పుకోని బలహీనత ఇదే: చాలామందికి జరిమానా ప్రీమియం కంటే తక్కువ. పైగా దాన్ని కట్టకపోయినా జైలు లేదు, ఆస్తి జప్తు లేదు. రావలసిన రిఫండులోంచి పట్టుకోవడానికి మాత్రమే ఫెడరల్ పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్‌కు చట్టం వీలిచ్చింది. అయినా, 1,682 పోసి చేతికి ఏమీ రాకపోవడం నన్ను తొలిచేసింది. ఆ నవంబరులో మా ఆవిడ ఆఫీసులో పేర్లు చేర్చుకునే సమయానికి నా పేరు చేర్పించాను. 2018 జనవరిలో కార్డు వచ్చింది, మార్చిలో కోపే (డాక్టరు దగ్గర మనం కట్టే వాటా) లేని ఉచిత వార్షిక పరీక్షకు వెళ్లాను, షుగర్ ఉందని తేలింది. జనవరిలో ఇతరుల వైద్యానికి చందా వేసే ఆరోగ్యవంతుడిగా చేరినవాణ్ణి, మార్చికల్లా ఇతరుల చందాతో మందులు కొనుక్కునే రోగినయ్యాను. నా అభిప్రాయం మారింది ఆ తర్వాతే; కాబట్టి ఇందులో స్వార్థం ఎంతో కొంత ఉందనుకునే చదవండి.

ఇక హక్కు సంగతి. 2012 మార్చిలో సుప్రీంకోర్టు వాదనల్లో న్యాయమూర్తి స్కాలియా, బీమా కొనమని శాసించగలిగితే బ్రకోలీ కొనమని కూడా శాసించవచ్చు కదా అన్న అర్థంలో వేసిన ప్రశ్న బాగా ప్రచారం పొందింది. అదే ఏడాది జూన్ 28న 5–4 తేడాతో వచ్చిన తీర్పు చాలామంది అనుకున్న దారిలో నడవలేదు. వ్యాపారాన్ని నియంత్రించే అధికారం కింద పౌరుణ్ణి ఏదైనా కొనమని బలవంతపెట్టే వీలు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు లేదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ స్పష్టంగా రాశారు. కానీ కొననివారి మీద వేసేది పన్ను లాంటిదే కనుక, పన్ను వేసే అధికారం కింద అది చెల్లుతుందన్నారు. అంటే మీ ప్రశ్నకు అక్షరాలా జవాబు ఇదీ: కొనమని శాసించే హక్కు ఫెడరల్ ప్రభుత్వానికి లేదు, కొననివాడి దగ్గర పన్ను గుంజే హక్కు ఉంది. పిల్లికి ఎలుక సాక్ష్యంలా ఉందని అప్పట్లో నేను నవ్వుకున్న మాట నిజమే. ఇప్పుడు మాత్రం అది సూటిగానే ఉందనిపిస్తుంది. నా సంపాదన మీద మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) పేరుతో 2.9 శాతం కట్టేటప్పుడు నేనేదో కొంటున్నానని ఎవరూ అనరు. 2007లో సమైక్య ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కూడా, తెల్లకార్డు కుటుంబాల ఆపరేషన్ల ఖర్చు ఖజానా నుంచే వెళ్లింది కనుక, బీమా కొనాలా వద్దా అన్న చర్చకే చోటు లేకపోయింది. నిర్బంధం అక్కడా ఉంది, పన్నులో కలిసిపోయి కంటికి కనబడలేదు, అంతే.

బ్రకోలీ పోలిక ఎక్కడ కుదరదో మా బామ్మర్ది చూపించాడు. 2019 నాటికి ఫెడరల్ జరిమానా సున్నా అయిపోయింది. ట్రంప్ 2017 డిసెంబరు 22న సంతకం చేసిన పన్ను చట్టం ఆ పని చేసింది. డాలస్‌లో ఉండే మావాడికి ఆ ఆగస్టు ఆఖరుకు ఉద్యోగం పోయింది, దానితో పాటే ఇన్సూరెన్స్ పోయింది. ఏదో ఒకటి తీసుకోరా అంటే, "ఇప్పుడు ఫైన్ లేదు కదా బావా, కొత్త ప్రాజెక్టు రాగానే చూద్దాం" అన్నాడు. అక్టోబరు 9 రాత్రి అపెండిక్స్ పగిలింది. వాడి దగ్గర బీమా ఉందా లేదా అని చూడకుండా ఆసుపత్రి లోపలికి తీసుకుంది, ఎందుకంటే మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రి ఏదైనా సరే, ఎమర్జెన్సీకి వచ్చినవారిని పరీక్షించి, ప్రాణాపాయం తప్పించి తీరాలని 1986 నుంచే చట్టం ఉంది. బ్రకోలీ కొనుక్కోనివాడికి ఆకలి వేస్తే అంగడివాడు ఊరికే వండిపెట్టాలన్న చట్టం ఎక్కడా లేదు. వైద్యానికి ఉంది, ఉండకూడదని వాదించడానికి ఎవరికీ నోరు రాదు.

బిల్లు 41,000 డాలర్లు వచ్చింది. వారం తర్వాత నేను వెళ్లినప్పుడు వాడి గదిలో ఫ్రిజ్ మీద, పిజ్జా కూపన్ల కింద, విప్పని కవరు ఒకటి కనిపించింది. అది కోబ్రా నోటీసు. (పేరు విని భయపడకండి; ఉద్యోగం పోయినా పాత ఆఫీసు ఇన్సూరెన్స్‌నే పూర్తి ప్రీమియం, పైన రెండు శాతం కట్టి కొనసాగించుకునే ఏర్పాటు అది.) అందులో ఒక సౌకర్యం ఉంది. కావాలో వద్దో చెప్పడానికి 60 రోజుల గడువు ఉంటుంది, కావాలని చెప్పి బాకీ ప్రీమియాలు కట్టేస్తే బీమా పోయిన రోజు నుంచే తిరిగి వర్తిస్తుంది. జబ్బు పడింది 39వ రోజున. ఇద్దరం కూర్చుని ఫారం నింపాం, సెప్టెంబరు, అక్టోబరు నెలలకు 1,248 డాలర్ల చెక్కు పంపాం, డిడక్టబుల్ (బీమా చెల్లించేముందు మనం భరించాల్సిన మొత్తం) పోగా ఆ 41,000 బిల్లును పాత ఆఫీసు ఇన్సూరెన్స్ తీర్చింది. నవంబరు నుంచి వాడు ప్రీమియం కట్టలేదు.

మేము చేసింది నూరు శాతం చట్టబద్ధం, నాకు పశ్చాత్తాపం కూడా లేదు. కానీ ఇల్లు అంటుకున్నాక బీమా కొనడమంటే ఏమిటో నా చేతులతో నేనే చేసి చూశాను. పాత జబ్బు ఉన్నవారికి బీమా నిరాకరించకూడదని, వారి దగ్గర ఎక్కువ ప్రీమియం పుచ్చుకోకూడదని ఆ 2010 చట్టం చెప్పిన తరువాత, అందరికీ మా బామ్మర్ది బుద్ధే పుడుతుంది. అది ఊహ కాదు. మీరు వస్తున్న ఈ న్యూజెర్సీలోనే 1993 నుంచి, జబ్బు ఉన్నా లేకున్నా అడిగినవారికల్లా పాలసీ ఇవ్వాలన్న నియమం పెట్టారు, అందరూ కొనాలన్న నియమం పెట్టలేదు. ఆరోగ్యవంతులు తప్పుకుంటూ పోయారు, ప్రీమియం పెరిగింది, అది చూసి మరికొందరు తప్పుకున్నారు. 1995 చివర ఆ పథకంలో సుమారు 1,86,000 మంది ఉంటే, 2001 చివరికి దాదాపు 85,000 మంది మిగిలారు. పాత జబ్బుల నియమం కావాలి, కొనే నియమం వద్దు అనేవారిని నేను అడిగేది ఒక్కటే, ఆ లోటు డబ్బు ఎక్కడ నుంచి తేవాలో చెప్పమని.

అలాగని ఎదుటి పక్షం వాదన తేలికైనది కాదు. వయసును బట్టి ప్రీమియం మూడు రెట్లకు మించకూడదని చట్టం పరిమితి పెట్టింది కనుక, అద్దె ఇంట్లో ఉండే ఇరవై ఏడేళ్ల కుర్రవాడు సొంత ఇల్లు, బ్యాంకు నిల్వ ఉన్న అరవై ఏళ్ల పెద్దమనిషి ఖర్చులో కొంత మోస్తాడు. ప్రీమియంలో కొంత ప్రభుత్వమే భరించే సబ్సిడీకి పెట్టిన ఆదాయ గీతకు కొద్దిగా పైనున్న మధ్యతరగతికి పడిన దెబ్బ మరీ అన్యాయం. జరిమానా తీసేస్తే 2027 నాటికి బీమా లేనివారు 1 కోటీ 30 లక్షల మంది పెరుగుతారని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2017లో అంచనా వేసింది, తరువాత ఆ అంచనాను బాగా తగ్గించుకుంది, మార్కెట్ కూలిపోనూ లేదు. సబ్సిడీ అందేవారు కట్టే ప్రీమియం వారి ఆదాయాన్ని బట్టి ఉంటుంది కనుక వారు నిలబడ్డారు. కర్ర కంటే బెల్లం ఎక్కువ పనిచేసిందన్న మాట. నా పక్షానికి ఇది ఇబ్బందికరమే, అయినా నిజం.

నాకు నచ్చినది మసాచుసెట్స్ పద్ధతి. 2006లో అక్కడ దీన్ని చట్టం చేసింది రిపబ్లికన్ గవర్నరు రామ్నీ. ఈ ఆలోచనను 1989లోనే ముందుకు తెచ్చింది హెరిటేజ్ ఫౌండేషన్ అనే కన్జర్వేటివ్ మేధో సంస్థ. 2008 ప్రచారంలో హిల్లరీ క్లింటన్ ఇది కావాలంటే వద్దన్నవాడు ఒబామా. ఎవరు ఎప్పుడు ఏ పక్షాన ఉన్నారో చూసుకుంటే తల తిరుగుతుంది, అందుకే పార్టీలను బట్టి దీన్ని తూచకండి. అక్కడ ఆదాయం తక్కువైనవారికి జరిమానా ఉండదు, భరించగల పాలసీ దొరకనివారికి కూడా ఉండదు, వేసినా అతి చవక ప్రీమియంలో సగం దాటకూడదు. కొనగలిగిన ధరలో సరుకు పెట్టకుండా కొనలేదని కొట్టడం తప్పు. ధర అందుబాటులో ఉండి కూడా, రోగం వచ్చిననాడు చూసుకుందామనుకునేవాణ్ణి (2016 నాటి నన్ను) కాస్త గిల్లడం తప్పు కాదు.

చివరగా మీ పని. న్యూజెర్సీ జరిమానా 2019 నుంచి అమలులో ఉంది, లెక్క దాదాపు నేను కట్టిన పాత ఫెడరల్ సూత్రమే, వచ్చిన సొమ్ము ఇతరుల ప్రీమియాలు తగ్గించే రీఇన్సూరెన్స్ పథకానికి (భారీ బిల్లుల్లో కొంత బీమా కంపెనీలకు తిరిగి ఇచ్చే ఏర్పాటు) వెళుతుంది. వరుసగా మూడు నెలల లోపు ఖాళీ ఉంటే జరిమానా వేయరు. కొత్త ఆఫీసులో ఇన్సూరెన్స్ ఏ తేదీన మొదలవుతుందో ఆఫర్ లెటర్ మీద సంతకం చేసే ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. కొన్ని కంపెనీలు 90 రోజుల దాకా ఆగమంటాయి. పాత ఆఫీసు నుంచి కోబ్రా కవరు వస్తే వెంటనే విప్పండి, అందులోని గడువు తేదీని ఫోన్‌లో రాసి పెట్టుకోండి.