సభలో లేచి మాట్లాడబోతున్న మేనల్లుడికి

చి॥ కిరణ్‌కి అత్త ఆశీస్సులు.

అమెరికా కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, మీ ప్రాంత సభ్యుడు ఊళ్ళో సభ పెడుతున్నాడనీ, పరాయి దేశంలో ఉన్న మన అమెరికా సైన్యాన్ని వెంటనే వెనక్కి పిలిపించమని నిలదీస్తాననీ నిన్న ఫోన్‌లో అన్నావు. పౌరసత్వం వచ్చి ఏడాదైనా కాలేదు, అప్పుడే ఈ పని తలకెత్తుకున్నావని సంతోషించాను. వెళ్ళు, మాట్లాడు. నీ యాస గురించి బెంగపడకు. నువ్వక్కడ ఓటరువి.

అయితే నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకు. 2007 జనవరిలో అధ్యక్షుడు బుష్ ఇరాక్‌కి ఇంకో 20 వేలమందికి పైగా సైనికులను పంపుతానన్నాడు. ఆ వసంతంలో ఇలాంటి సభలోనే లేచి, దీనివల్ల హింస పెరుగుతుందే తప్ప తగ్గదని గట్టిగా చెప్పాను. ఏడాది తిరిగేసరికి బాగా తగ్గింది. సైన్యం పెరగడం ఒక్కటే కారణం కాదు. ఇరాక్‌లోని అన్బార్ ప్రాంతంలో సున్నీ తెగలు అల్‌ఖైదాకి ఎదురు తిరిగాయి, షియా మతనాయకుడు సదర్ తన సాయుధులకు కాల్పులు ఆపమన్నాడు. కానీ నేను చెప్పిన జోస్యం తప్పిందన్నది మాత్రం నిజం. తర్వాత 2008లో బుష్ ప్రభుత్వమే కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 2011 డిసెంబర్లో సేనలు వచ్చేశాయి. 2014 జూన్‌లో ఇరాక్ నగరం మోసుల్ ఐసిస్ ఉగ్రవాదుల చేతిలో పడింది, మళ్ళీ మనవాళ్ళు వెళ్ళారు. ఉండాలన్నవాళ్ళు మోసుల్ పేరు ఎత్తుతారు. అసలు 2003లో వెళ్ళకపోతే ఐసిస్ ఎక్కడిదని రావాలన్నవాళ్ళు అడుగుతారు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. అందుకని రేపేం జరుగుతుందో నువ్వు చెప్పబోకు.

సైనికుల తరఫున కూడా మాట్లాడకు నాయనా. ఇది హాస్పిటల్లో నేర్చుకున్నాను. రోడ్డు పక్క బాంబు పేలి మోకాలి కింద కాలు పోయిన కుర్రాడికి నడక నేర్పించే రోజుల్లో, ఓదార్పుగా ఉంటుందనుకుని, మీ అందరినీ త్వరగా ఇంటికి తెచ్చేయాలని నేను కోరుకుంటున్నానన్నాను. వాడు ముఖం అటు తిప్పుకున్నాడు. "నా వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు డాక్టర్" అన్నాడు. ఆ పక్క మంచం మీదివాడేమో ఒక్కడు కూడా అక్కడ ఉండకూడదనేవాడు. ఇద్దరూ ఒకే ఊరి నుంచి వచ్చారు. 1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయినప్పటి నుంచి యుద్ధాల బరువు కొద్ది కుటుంబాలే మోస్తున్నాయి. మన తెలుగు ఇళ్ళల్లో యూనిఫాం వేసుకున్న పిల్లలు నాకు తెలిసి ఇద్దరే. ఆ సభలో మాత్రం నీ పక్క కుర్చీలో అలాంటి తల్లి ఉండొచ్చు. ఆమె వినేలా మాట్లాడు.

ఇప్పుడు వెళ్ళిపోతే చనిపోయినవాళ్ళ త్యాగం వృథా అని ఎవరో ఒకరు లేస్తారు. వియత్నాం నుంచీ ఈ మాట ఉంది. అక్కడ 58 వేలమందికి పైగా పోయారు. పోయింది రాబట్టుకోవాలని ధర్మరాజు తమ్ముళ్ళను ఒడ్డాడు కదా, ఇదీ అంతే. కానీ ఆ మాట అన్నది బిడ్డను పోగొట్టుకున్న మనిషైతే అక్కడ వాదించకు. తల వంచి నమస్కారం పెట్టు, చాలు.

వెళ్ళిపోవడానికీ ఖరీదుంటుంది, అదీ ఒప్పుకో. 2021 ఆగస్టు 15న కాబూల్ పడింది. 26న విమానాశ్రయం గేటు దగ్గర 13 మంది మన సైనికులు, 170 మంది దాకా ఆఫ్ఘన్లు ఒక్క పేలుడులో పోయారు. మన సేనలకి దుభాషులుగా పనిచేసినవాళ్ళెందరో వెనకే మిగిలిపోయారు. వెనక్కి పిలవమనేవాడు ఆ దుభాషుల సంగతేమిటో కూడా చెప్పగలగాలి. నువ్వు నిన్న ఒక్కసారి కూడా వాళ్ళ ఊసెత్తలేదు.

మరి ఏం అడగాలి? ఈ యుద్ధానికి ఎవరు ఓటేశారని అడుగు. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కిచ్చింది. కాంగ్రెస్ చివరిసారి దాన్ని వాడింది 1942లో. వియత్నాంకి 1964లో ఒక తీర్మానం చాలింది. ప్రతినిధుల సభలో 416కి సున్నా, సెనేట్‌లో 88కి 2. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆ నెలలోనే చేసిన తీర్మానంలో అసలు భాగం 60 పదాలు, ఏ దేశం పేరూ లేదు. ప్రతినిధుల సభలో కాదన్నది కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ ఒక్కరే. ఆ 60 పదాల మీద ఎన్ని దేశాల్లో ఎన్నేళ్ళు పోరాడారో నీకు తెలుసు. కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షుడు సైన్యాన్ని పోరులో దించితే 60 రోజుల్లో ఆపాలని 1973లో నిక్సన్ వీటోని కాదని చట్టం చేశారు. తర్వాత వచ్చిన అధ్యక్షుల్లో చాలామంది దాన్ని తప్పించుకునే దారి వెతికారు. కాంగ్రెస్ కూడా చాలాసార్లు చూసీ చూడనట్టు ఊరుకుంది. ఓటేస్తే రేపు జవాబు చెప్పుకోవాలి కదా.

మైకు నీ చేతిలో రెండు నిమిషాలు కూడా ఉండదు. కాగితం మీద ఒక్క ప్రశ్నే రాసుకో: "ఏ తీర్మానం కింద మనవాళ్ళు అక్కడున్నారు? ఏ పని పూర్తయితే వస్తారు? దాని మీద మీరు ఓటేస్తారా?" మూడు ముక్కలైనా ప్రశ్న ఒక్కటే, ఊపిరి తీసుకుని నెమ్మదిగా చదువు. సైన్యం ఉండాలనేవాడికైనా, రావాలనేవాడికైనా ఆ జవాబు అవసరమే, కాబట్టి సభలో సగంమంది నీ మీద అరవరు. ఆ కాంగ్రెస్ సభ్యుడు మొదట సైనికుల ధైర్యం గురించి మాట్లాడతాడు. నా ప్రశ్నకీ అలాగే చేశారు. కూర్చోకుండా, గొంతు పెంచకుండా, "ఓటేస్తారా?" అని మళ్ళీ అడుగు.

ఆయన చెప్పింది తేదీతో సహా మాటకి మాట రాసుకో. మర్నాడు వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి, నీ పేరు, జిప్ కోడ్ చెప్పి, అదే ప్రశ్న వాళ్ళ చేత రాయించు. తర్వాత నాకు చెయ్యి, రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

మీ అత్త