ఈసారి ఎక్కడ విరిగింది?

విజయవాడ, ఆటోనగర్ నుంచి

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం ఎలా ఉందో మొన్న ఫోన్‌లో విన్నాను.

నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక "సర్లే, అన్నం తిని పడుకో" అని పెట్టేశాను. దానికి మీ పెద్దమ్మ నన్ను రెండు రోజులు సాధించింది. ఫోన్‌లో అయితే నేను ఒక మాట పూర్తి చేసేలోపు నువ్వు నాలుగు మాట్లాడతావు. అందుకే కాగితం తీశాను. ఈ మధ్య చెయ్యి వణుకుతోంది, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

నువ్వు అడిగింది ఇదీ. "మూడు మిషన్లు పోయాయి పెదనాన్నా. ఎండుమిరప తొడిమ చేత్తో తీయాల్సిందే, మిషన్‌తో అయ్యే పని కాదని గుంటూరు మిర్చి యార్డులో అందరూ అంటున్నారు. మానేసి మళ్ళీ ఉద్యోగంలో చేరిపోనా?"

చేరమనీ అనను, వద్దనీ అనను. ముందు నాకు ఒకటి చెప్పు. ఆ మూడు మిషన్లూ ఎక్కడ విరిగాయి?

ఎందుకు అడుగుతున్నానంటే, నా పసుపు డ్రమ్ము సంగతి నీకు సగమే తెలుసు. బాగా తిరిగిన డ్రమ్మునే మీ అందరికీ చూపించాను. అంతకుముందు మూడింటిని పాతసామాను కొట్టులో తూకానికి వేశాను. ఆ సంగతి మీ నాన్నకి కూడా చెప్పలేదు.

అప్పటికి మీ నాన్న ఇంకా కాలేజీలో ఉన్నాడు. దుగ్గిరాల వైపు రైతు ఒకాయన వచ్చి, ట్రాక్టర్‌తో తిరిగే పాలిష్ డ్రమ్ము చేసిపెట్టమన్నాడు. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టాక పైపొట్టు పోయి రంగు తేలాలంటే డ్రమ్ములో వేసి దొర్లించాలి. వాళ్ళు చేత్తో తిప్పేవాళ్ళు. సాయంత్రానికి ఇద్దరు మనుషుల భుజాలు పడిపోయేవి. నాకు తెలిసింది లారీ బాడీలు కట్టడం. పసుపు కొమ్ముని పెళ్ళిళ్ళలో తప్ప పట్టుకున్నదే లేదు. అయినా అడ్వాన్సు పుచ్చుకున్నాను. వయసు అలాంటిది.

మొదటి డ్రమ్ములో కొమ్ములు ముక్కలయ్యాయి. చిల్లుల అంచులు మరీ పదునుగా ఉన్నాయనుకుని రెండోదాంట్లో వాటిని అరగదీశాను. మళ్ళీ ముక్కలే. మూడో డ్రమ్ముకి రేకే మార్చేశాను. మళ్ళీ ముక్కలే. రైతు అడ్వాన్సు వెనక్కి అడిగాడు. ఆయనతో వచ్చిన ముసలాయన ఒకడు ఓ మూల కూర్చుని బీడీ కాల్చుకుంటూ, "మేం చేత్తో ఇంత జోరుగా తిప్పలేం గదయ్యా" అన్నాడు. ఏదో మామూలుగా అన్న మాట. మర్నాడే వాళ్ళ ఊరు వెళ్ళి, చేతి డ్రమ్ము పక్కన గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 30 చుట్లు తిరుగుతోంది. నాది 80. వచ్చి నాలుగో డ్రమ్ముకి వేగం తగ్గేలా పుల్లీ మార్చాను, అంతే.

కొమ్ములు మూడుసార్లూ ఒకేలా విరిగాయి. నేను మాత్రం మూడుసార్లూ రేకు దగ్గరే కూర్చున్నాను. అదే పట్టుదల అనుకున్నాను. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే బాపతని తర్వాత తెలిసింది.

నువ్వు గోడకి ఫొటో అంటించుకున్న ఆ రాకెట్ల మస్క్ సంగతి చూడు. ఆయన మాట్లాడే మాటలన్నీ నాకు నచ్చవు, అది వేరే విషయం. కానీ ఆయన కంపెనీ మొదటి రాకెట్ ఫాల్కన్-1 పోయిన తీరు చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. 2006 మార్చిలో మొదటిది అరనిమిషానికే మంటలంటుకుని పడిపోయింది. పసిఫిక్ దీవి మీద ఉప్పుగాలి, ఇంధనం పైపుకున్న అల్యూమినియం నట్టుని తినేసింది. ఒక్క నట్టు! 2007లో రెండోది అంతరిక్షం దాకా వెళ్ళింది గానీ, పై దశ ట్యాంకులో ద్రవం తొణికి అదుపు తప్పింది. 2008 ఆగస్టులో మూడోది. కింది దశ విడిపోయాక, ఆగిపోయిందనుకున్న ఇంజిన్‌లో ఇంకా కాస్త ఊపు మిగిలి, అదే వెనకనుంచి వచ్చి పై దశని గుద్దింది. దాన్ని ఎలా బాగుచేశారో తెలుసా? ఇంజిన్ ఆపడానికీ, దశలు విడదీయడానికీ మధ్య కొన్ని సెకన్లు ఎక్కువ ఇచ్చారు. ఎనిమిది వారాలకల్లా, సెప్టెంబర్ 28న, నాలుగోది కక్ష్యలోకి వెళ్ళింది. నా పుల్లీ లాంటిదే. నవ్వుకుంటే నవ్వుకో.

మూడుసార్లూ మూడు వేర్వేరు చోట్ల పోయింది చూశావా? ఒకసారి సరిచేసిన తప్పు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నువ్వు మిషన్ల సంగతులు రాసుకునే పుస్తకం. నువ్వు పంపిన పేజీల ఫొటోలన్నీ కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మొదటి మిషన్‌లో రబ్బరు రోలర్లు కాయనే నమిలేశాయి. రెండోదాంట్లో రోలర్లు తీసేసి గాళ్ళున్న డ్రమ్ము పెట్టావు. తొడిమ గాడిలోకి దిగింది, బ్లేడు కోసింది, కానీ కాయ పగిలి గింజ రాలింది. అది బాగా ముందుకి వచ్చినట్టే, నువ్వే గుర్తించలేదు. మూడోది అదే డ్రమ్ము, కాకపోతే పెద్ద మోటారు, ఇంకా పదునైన బ్లేడు. కాయ పగిలి గింజ రాలింది. అంటే నువ్వు చేసింది మూడు మిషన్లు కాదు తల్లీ, రెండే. రెండోదాన్నే ఎక్కువ ఖర్చు పెట్టి మళ్ళీ చేశావు. కోపం తెచ్చుకోకు, నేను చేసిందీ అదే.

ఇంకో సంగతి. మోటారు ఎన్ని ఆంపియర్లు లాగిందో దశాంశాలతో సహా రాశావు గానీ, ఆ రోజు డ్రమ్ములో పోసింది ఏ కాయో ఒక్క పేజీలోనూ లేదు. కల్లంలో బాగా ఎండిన కాయ తేమ పది శాతం దగ్గర గలగలలాడుతుంది, వేలితో నొక్కితే పగులుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి దించిన టిక్కీలో, అదే మిర్చి బస్తాలో, కాయ మెత్తగా ఉంటుంది. మిర్చి రకాల్లో తేజ తీరు వేరు, 334 తీరు వేరు. మిషన్ రోజుకో రకంగా చేస్తోందని నువ్వు తల పట్టుకున్నావు. కాయే రోజుకో రకం అయి ఉండొచ్చు కదా? తేమ మీటరు ఒకటి కొను. మిర్చి మీద పరిశోధన చేసే లాం ఫారం నీకు గుమ్మం ముందు ఉన్నట్టే. ఆ 334 పుట్టిందే అక్కడ. వెళ్ళి శాస్త్రవేత్తల్ని అడుగు, మొహమాటపడకు.

కొత్త కాయ దొరికేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మే వచ్చిందంటే యార్డుకి సెలవులు. ఆ నాలుగు నెలల్లో వెల్డింగ్ పనులు పెట్టుకోకు, రోజూ కాయ పోసి చూడు. మార్పులన్నీ వర్షాకాలంలో చేసుకో.

అన్నిటికంటే ముందు, తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గర వారం రోజులు కూర్చో. ఫోన్‌తో వీడియో తీసుకుని వచ్చేయడం కాదు, నువ్వు కూడా వాళ్ళతో కలిసి తియ్యి. చేతులు మండుతాయి, రాత్రికి కొబ్బరినూనె రాసుకో. వాళ్ళ వేళ్ళు చూడు. నేను చూసినంతలో తొడిమని కోసేవాళ్ళు ఎవరూ లేరు, వంచి విరుస్తారు. నీ బ్లేడేమో కోస్తోంది. నా మాటే నిజమని చెప్పను, నీ కళ్ళతో చూసి రాసుకో. ఆ వారానికి వాళ్ళకి కూలి ఇవ్వాలి సుమా. "మిషన్ వస్తే మా గతేంటమ్మా?" అని కూడా అడుగుతారు. ఏమీ కాదని అబద్ధం చెప్పొద్దు. నీ మొదటి మిషన్ నడిపే మనిషి వాళ్ళలోంచే వచ్చేలా చూస్తానని చెప్పు, చెప్పాక నిలబెట్టుకో.

యార్డులో "అవదు" అన్నవాళ్ళ మీద పంతం పట్టకు. ఏది అవదో విడమర్చి అడుగు. వ్యాపారి అవదన్నాడంటే గింజ రాలితే తూకం పోతుందని, ధర పడుతుందని అర్థం. అలాగైతే నూటికి ఎన్ని కాయలు పగిలితే ఒప్పుకుంటాడో అడుగు. ఆ అంకె నీ చేతిలో పడితే "అవదు" అనే మాట సగం కరిగిపోతుంది. అసలు నువ్వు ఇన్నాళ్ళూ ఆ అంకె అడగలేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

"నేను సాఫ్ట్‌వేర్ దాన్ని, మెకానికల్ కాదు" అన్నావు. వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. టీకాల గురించి చదువుకున్నవాడు కాదు. అప్పట్లో హెపటైటిస్-బి టీకా అంటే విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే, మామూలువాళ్ళు కొనలేని ధర. 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, తెలిసిన శాస్త్రవేత్తల్ని తోడు పెట్టుకుని, 1997కి మన దేశపు టీకాని తక్కువ ధరకి బజార్లోకి తెచ్చాడు. నాలుగేళ్ళు. నీకింకా రెండేళ్ళు కూడా నిండలేదు.

ఇక నీ దగ్గర పనిచేసే ఆ కుర్రాడి సంగతి. వ్యాపారి ముందు డెమో పాడైనప్పుడు "వీడు బ్లేడు సరిగ్గా బిగించలేదు" అని అందరిలో అన్నావట. మీ నాన్న చెప్పాడు. నాకది నచ్చలేదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇస్రో రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడిపోయింది. రెండో దశలో ఆమ్లం కారిపోయి అదుపు తప్పింది. ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని మాటపడింది అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ గారు, ప్రాజెక్టు నడిపిన కలాం గారు కాదు. మరుసటి ఏడాది జులై 18న అది గెలిచినప్పుడు మాత్రం కలాం గారినే మాట్లాడమన్నారు. కలాం గారు ఈ సంగతి ఎన్ని సభల్లో చెప్పారో లెక్కలేదు. ఆ కుర్రాణ్ణి పిలిచి ఒక మాట చెప్పు. చెయ్యి మంచిది వాడిది, పోగొట్టుకోకు.

డబ్బు విషయం కొద్దిగానే చెప్తాను, తిట్టినట్టు ఉంటుంది. మీ అమ్మ బంగారం జోలికి వెళ్ళకు. మీ పెద్దమ్మ గాజులు ఆరేళ్ళు బ్యాంకులో ఉన్నాయి. ఆ ఆరేళ్ళూ ఆవిడ ఏ పెళ్ళికీ రాలేదు. నెలకి పది రోజులు పాత సాఫ్ట్‌వేర్ పని ఏదన్నా చేసుకో, అందులో చిన్నతనం లేదు. ఈ మిషన్ మీద ఇంకా ఎంత పెట్టగలవో ఒక అంకె, ఏ తేదీ దాకా చూస్తావో ఒక తేదీ కాగితం మీద రాసి మీ నాన్న చేతికివ్వు. నీ దగ్గర ఉంచుకుంటే దిద్దేస్తావు.

మళ్ళీ ఎవరికైనా చూపించే ముందు పేటెంట్‌కి ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు పెట్టు. పూర్తి దరఖాస్తు ఇవ్వడానికి అక్కడి నుంచి పన్నెండు నెలలు టైముంటుంది. నా డ్రమ్ముని ఒకాయన చూసి మెచ్చుకుని, టీ తాగి వెళ్ళి, నెల తిరక్కుండా అలాంటిదే చేయించాడు. పేరు చెప్పను, మనవళ్ళున్నవాడు. అప్పట్లో నాకు ఈ పేటెంట్ సంగతులు తెలియవు. నీకు తెలిసుండీ బద్ధకిస్తున్నావు.

ఆదివారం రా. లేత్ ఖాళీగానే ఉంది, మా పాత టర్నర్‌ని కూడా రమ్మన్నాను. బాగున్న భాగాలు తేవద్దు. విరిగిన బ్లేడ్లు, పగిలిన కాయ ఒక సంచి, మంచి కాయ ఒక సంచి తీసుకురా. సంచుల మూతులు మాత్రం గట్టిగా కట్టు. పోయినసారి నీ పుణ్యాన గుంటూరు నుంచి బెజవాడ దాకా బస్సంతా తుమ్ముతూనే ఉంది.

మీ పెదనాన్న