కాంట్రాక్ట్ ఉన్నా ఆటగాడు గొడవపడి వెళ్లిపోతుంటే క్లబ్ ఎందుకు ఆపలేకపోతుంది?

ఇంకా మూడేళ్ల కాంట్రాక్ట్ ఉన్న స్ట్రైకర్ (గోల్స్ కొట్టే ఆటగాడు) ఇసాక్ 2025 వేసవిలో ఆడనని కూర్చుంటే, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ న్యూకాసిల్ చివరికి ఎందుకు వదిలేసింది, అలాంటప్పుడు కాంట్రాక్ట్‌కి విలువేముంది అని ఒకరు అడిగారు. విలువ ఉంది. కాంట్రాక్ట్ ఉన్నంతకాలం అతను ఇంకో క్లబ్‌కి ఆడలేడు. కానీ ఉన్న క్లబ్‌కి మనసుపెట్టి ఆడించడం ఏ కాగితం వల్లా కాదు. గొడవంతా ఆ ఖాళీలోనే నడుస్తుంది.

నేను కొంతకాలం ఒక ప్రొఫెషనల్ క్లబ్ మీడియా టీమ్‌లో పనిచేశాను. ఇలాంటి గొడవ ఒకటి లోపలినుంచి చూశాను. పేర్లు మాత్రం చెప్పను.

ఆటగాడు పోస్ట్ పెట్టాకే అభిమానులకు సంగతి తెలుస్తుంది. మాకు అంతకు చాలా ముందే తెలుసు. మా స్ట్రైకర్ ఒకతని ఏజెంట్ వచ్చి జీతం పెంచమన్నాడు, వచ్చే ఏడాది చూద్దామని మావాళ్లు అన్నారు. కొన్నాళ్లకు ఆ స్ట్రైకర్ సోషల్ మీడియా ప్రొఫైల్‌లోంచి క్లబ్ పేరు మాయమైంది. తర్వాత ఆ ఏజెంట్‌కి దగ్గరవాడని అందరికీ తెలిసిన విలేకరి ఒకాయన, అతను అసంతృప్తిగా ఉన్నాడని రాశాడు. ఆ పొద్దున్నుంచి మా ఫోన్లు ఆగలేదు. ఆ వారమే అతను ప్రాక్టీస్‌కి రావడం మానేశాడు.

జట్టులో ఎందుకు లేడో ఒక్క వాక్యంలో చెప్పాలి. తొడ కండరం పట్టేసిందని రాయమని పైనుంచి మాట వచ్చింది. ఫిజియో ససేమిరా అన్నాడు. "నేను పరీక్షించని కాలికి నొప్పి ఉందని నా పేరు మీద ఎలా రాస్తారు?" అని గట్టిగానే అడిగాడు. బాగా పొద్దుపోయేదాకా కూర్చుని చివరికి "ఎంపికకు అందుబాటులో లేడు" అని పంపించాం. ఆ మూడు మాటలు పట్టుకుని మర్నాడు ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లారు. సీజన్ టికెట్ల పోస్టర్‌లో మధ్యలో ఉన్నది అతని బొమ్మే. దాన్ని తీసేయమని ఎవరూ చెప్పరు, ఉంచమనీ చెప్పరు. అప్పటి టెన్షన్ అలా ఉండేది.

ఇష్టం లేనప్పుడు కాంట్రాక్ట్ తెంచుకుని పోవచ్చుగా అంటారు. అది చాలా ఖరీదైన దారి. ఫిఫా నిబంధనల్లో 17వ ఆర్టికల్ అని ఒకటుంది. 28 ఏళ్లు నిండకముందు చేసుకున్న కాంట్రాక్ట్‌కి మొదటి మూడేళ్లు, ఆ తర్వాత చేసుకున్నదానికి రెండేళ్లు రక్షణ కాలం. ఆ లోపల సరైన కారణం లేకుండా తెంచుకుంటే పరిహారంతో పాటు నిషేధం కూడా పడుతుంది. ఆ గడువు దాటాక తెంచుకున్నా పరిహారం తప్పదు. 2007లో ఉక్రెయిన్ క్లబ్ షాఖ్తార్‌ని వదిలి స్పెయిన్ క్లబ్ జరగోజాకి వెళ్లిన ఆటగాడు మటుజాలెమ్ కేసులో స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్ కోర్టు 2009లో సుమారు 1.2 కోట్ల యూరోలు కట్టమంది. 2024 అక్టోబర్‌లో డియారా అనే ఆటగాడి కేసులో యూరప్ కోర్టు ఈ నిబంధనల్లో కొన్నింటిని తప్పుపట్టింది కానీ, పరిహారం అనే భయం ఇప్పటికీ పోలేదు. గొడవపడి అమ్మించుకోవడం దీనికంటే చాలా చవక. ఇంగ్లండ్‌లో క్లబ్ వేసే జరిమానా మామూలుగా రెండు వారాల జీతం దాటదు. వెళ్లే చోట అంతకు ఎన్నో రెట్లు వస్తుంది.

ఇక ఏజెంట్. అతనికి డబ్బు వచ్చేది ఆటగాడు క్లబ్ మారినప్పుడు, లేదా కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టినప్పుడు. కదలకుండా ఉంటే కొత్తగా ఏమీ రాదు. 2010 అక్టోబర్‌లో రూనీ, క్లబ్‌కి గెలవాలన్న పట్టుదల ఉందా అని బహిరంగంగా అనుమానం వ్యక్తం చేసి మాంచెస్టర్ యునైటెడ్‌ని వదిలేస్తానన్నాడు. రెండు రోజుల్లో అదే క్లబ్‌తో ఐదేళ్ల కొత్త కాంట్రాక్ట్ కుదిరింది. ప్రతి గొడవా వెళ్లిపోవడానికే అనుకోకూడదని నాకు అనిపించేది ఇలాంటివి చూసే.

క్లబ్ గట్టిగా నిలబడాలంటే బెంచ్ మీద ఇంకొకడు ఉండాలి. 2011లో మాంచెస్టర్ సిటీ స్ట్రైకర్ తెవెజ్ మ్యూనిక్ మ్యాచ్‌లో మైదానంలోకి దిగనన్నాడని కోచ్ మాంచినీ మండిపడ్డాడు, తాను అలా అనలేదన్నాడు తెవెజ్. నాలుగు వారాల జీతం కోత వేద్దామంటే ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు, రెండు వారాలకే పరిమితమైంది. అతను చెప్పకుండా అర్జెంటీనా వెళ్లి నెలల తరబడి కూర్చున్నాడు. అయినా సిటీ తక్కువ ధరకి ఇవ్వలేదు. ఎందుకంటే వాళ్ల దగ్గర అగ్వేరో, జెకో, బాలోటెల్లి లాంటి స్ట్రైకర్లు ఉన్నారు. తెవెజే తిరిగొచ్చి ఆడాడు, ఆ సీజన్ టైటిల్ కూడా సిటీదే. మరో ఇంగ్లండ్ క్లబ్ వెస్ట్‌హామ్‌కి ఆ భోగం లేదు. 2017 జనవరిలో వాళ్ల ఆటగాడు పాయెట్ ఇక ఆడనంటే, అమ్మేది లేదన్నవాళ్లే అదే నెలలో 2.5 కోట్ల పౌండ్లకి ఫ్రాన్స్ క్లబ్ మార్సేకి ఇచ్చేశారు.

ఇసాక్ విషయంలో న్యూకాసిల్ లొంగిపోయిందని నేను అనుకోను. ఇచ్చిన మాట తప్పారని అతను ఆగస్టులో పోస్ట్ పెడితే, వెళ్లొచ్చని మాలో ఎవరూ మాటివ్వలేదని క్లబ్ అదే రోజు జవాబిచ్చింది. బదులుగా స్ట్రైకర్ వోల్టెమాడె చేతికి వచ్చాకే, విండో (ఆటగాళ్లు క్లబ్ మారే గడువు) చివరి రోజు సెప్టెంబర్ 1న లివర్‌పూల్‌కి ఇచ్చారు. ధర 12.5 కోట్ల పౌండ్లు, అప్పటికి బ్రిటన్‌లో రికార్డు. గొడవ వల్ల ధర పడిపోలేదు.

మా దగ్గరా అంతే జరిగింది. ఇంకో స్ట్రైకర్ దొరికేదాకా రోజూ కుదరదన్నారు, దొరికిన సాయంత్రమే సంతకాలైపోయాయి.

ఆటగాడే ద్రోహి అనేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోలేను. అదే వేసవిలో మా క్లబ్ తనకు అక్కర్లేని మరికొందరిని కుర్రాళ్ల జట్టుతో వేరే టైమ్‌లో ప్రాక్టీస్ చేయమంది. వాళ్లకీ కాంట్రాక్టులున్నాయి. విసిగి తక్కువకి ఒప్పుకుని పోతారని అలా చేశారు. దాని మీద ఎవరూ ఒక్క వార్త రాయలేదు, మమ్మల్ని వివరణా అడగలేదు. పేరున్నవాళ్లకి కూడా ఇది తప్పదు: కాంట్రాక్ట్ పొడిగించుకోనన్నందుకు రాబియోని పారిస్ క్లబ్ పీఎస్‌జీ 2018 డిసెంబర్ నుంచి మళ్లీ ఆడనివ్వలేదు. ఎంబాపెని 2023లో ఆసియా పర్యటనకి తీసుకెళ్లలేదు.

ఈసారి ఇలాంటి వార్త వచ్చినప్పుడు పోస్ట్‌లో మాటల్ని పక్కనపెట్టి రెండు సంగతులు చూడండి: కాంట్రాక్ట్ ఇంకా ఎన్నేళ్లుంది, క్లబ్ అతని స్థానంలో ఎవరినైనా కొనే పనిలో ఉందా. ఒక్క ఏడాదే మిగిలుంటే ఆ వేసవిలోనే అమ్మేయాలని క్లబ్ తొందరపడుతుంది, లేదంటే మరుసటి ఏడాది పైసా రాకుండా పోతాడు. మూడేళ్లుండి, బదులు ఆటగాడు దొరక్కపోతే, ఎంత అరిచినా విండో మూసేదాకా అక్కడే ఉంటాడు.