ముందు నీటికి చోటు వదలండి

ప్రశ్న: కొత్త కాలనీ మ్యాప్‌లో ఇళ్లు, బడి, దుకాణాలు, వర్క్‌షాపులు ఎక్కడ రావాలో తేల్చే కమిటీలో నన్నూ వేశారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కట్టకూడని చోట్లతో. జోరున వాన పడ్డప్పుడు వెళ్లి, నీళ్లు ఎటు పారి ఎక్కడ నిలుస్తున్నాయో మీ కళ్లతో చూసి మ్యాప్ మీద గీయండి. ఆ పల్లం పార్కుకో ఆటస్థలానికో వదిలేయండి. రెండు రోజులు మునిగినా ఎవరి సామానూ తడవదు.

తర్వాత గాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎటు నుంచి వీస్తుందో కనుక్కోండి. పెయింటింగ్, వెల్డింగ్ షెడ్ల పొగ ఇళ్ల మీదికి రాకూడదు. పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా బడికి నడిచి వెళ్లగలగాలి. ఈ ఒక్క విషయంలో ఎవరు ఒత్తిడి చేసినా తగ్గకండి.

న్యూయార్క్ 1916లోనే నివాస, వ్యాపార ప్రాంతాలను విడదీసింది. పొగ, రొద విషయంలో అది సబబే. కానీ చిన్న దుకాణాలనూ ఊరవతలికి నెట్టేస్తే తలనొప్పి మాత్రకైనా బండి తీయాలి. వాటిని ఇళ్ల మధ్యే ఉంచమని పట్టుబట్టండి.