యూరియా సరే, క్లోరిన్ సంగతేంటి?

మీరడిగింది: వాడిన డయాలసిస్ ద్రవాన్ని పారబోయకుండా, అందులోని యూరియాను కరెంటుతో విడగొట్టి తిప్పి వాడితే మోసుకెళ్లే మెషిన్ వచ్చేస్తుంది కదా అని.

యూరియాను విడగొట్టడం పెద్ద పనేం కాదు. రోజుకు 15 గ్రాములు, అంటే పావు మోల్ తీయాలనుకోండి. అణువుకు 6 ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టి, ఏమాత్రం వృథా లేకపోయినా 8 గంటలపాటు 5 ఆంపియర్లు. బ్యాటరీ మోయగలదు. కాకపోతే సుమారు 30 లీటర్ల గ్యాస్ పుడుతుంది, అందులో 18 లీటర్లు హైడ్రోజనే. గ్యాస్ బయటికి పోయే దారే లేకుండా నడుముకు కట్టుకునే బెల్టు బొమ్మలు గీసేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

అసలు చిక్కు క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండే క్లోరిన్ అయాను. ద్రవంలో యూరియా లీటరుకు పది ఇరవై మిల్లీమోళ్లుంటే క్లోరైడ్ వందకు పైనే. ప్లాటినం పెట్టినా రుథీనియం ఆక్సైడ్ పెట్టినా ఆనోడ్ (పాజిటివ్ కొస) దగ్గర ముందు క్లోరినే పుడుతుంది, యూరియా మీద పడేది చాలావరకు అదే. మధ్యలో క్లోరమైన్లు, అంటే క్లోరిన్ నైట్రోజన్ పదార్థాలతో కలిసి ఏర్పడేవి, తయారవుతాయి. అవి డయలైజర్ (రక్తాన్ని వడకట్టే ఫిల్టర్) పొర దాటి రక్తంలోకి వెళ్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. నికెల్ వాడమంటారు కొందరు. అది గాఢమైన క్షారంలో బాగా పనిచేస్తుంది, ఈ ద్రవం ఉండే 7.4 పీహెచ్ దగ్గర కాదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫ్రీ క్లోరిన్ టెస్టు చేస్తే సున్నా చూపిస్తుంది, ఎందుకంటే క్లోరినంతా అప్పటికే కలిసిపోయి క్లోరమైన్లయింది. డీపీడీ (క్లోరిన్ తగిలితే రంగు మారే రసాయనం) టెస్టులో అయొడైడ్ కూడా వేసి టోటల్ క్లోరిన్, అంటే విడిగా ఉన్నదీ కలిసిపోయినదీ మొత్తం, చూడాలి. డయాలసిస్ నీటికి పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రాము. ఈ ద్రవానికి అంతకంటే సడలించడానికి నాకు కారణం కనబడదు.

క్లోరమైన్లను పట్టడానికి, యూరియాను విడగొట్టే సెల్ తర్వాత బొగ్గు ఫిల్టర్లు రెండు, ఒకదాని వెనక ఒకటి. డయాలసిస్ నీటి శుద్ధిలో ఒక్కోదానికీ 5 నిమిషాల స్పర్శ కాలం అడుగుతారు. నిమిషానికి 100 మిల్లీలీటర్ల ప్రవాహానికి అది తలా అరలీటరు బొగ్గు. బరువు తగ్గించాలని రెండోది పీకేస్తే మొదటిది నిండిన సంగతి తెలిసేది రోగి రక్తంలోనే. శాంపిల్ రెండింటి మధ్య నుంచి తీయండి, అక్కడ 0.1 దాటిందంటే ఆపేయాలి.

ఇంకో మాట. వట్టి యూరియా, ఉప్పు కలిపిన నీళ్లతో వచ్చిన ఫలితాల్ని నమ్మకండి. అసలు ద్రవంలో లీటరుకు గ్రాము దాకా గ్లూకోజ్ ఉంటుంది, అదీ ఆక్సీకరణం చెంది కరెంటు తినేస్తుంది. బైకార్బొనేట్, కాల్షియం కలిసి క్యాథోడ్ (నెగటివ్ కొస) మీద తెల్లటి పెచ్చు కడతాయి. పెచ్చు పోవడానికి ధ్రువాలు తిప్పితే ఆనోడ్ పూత ఊడిపోతుంది.