పాత పుస్తకాన్ని స్కాన్ చేయడం వేరు, నెట్‌లో పెట్టడం వేరు

మీ ఊరి గ్రంథాలయంలో రెండు బీరువాల పాత తెలుగు పుస్తకాలకు చెదలు పడుతున్నాయి, వాటిని స్కాన్ చేసి అందరికీ అందేలా పెడితే కాపీరైట్ కేసు అవుతుందా అని అడిగారు. తెనాలి దగ్గర మా ఊరి గ్రంథాలయ కమిటీలో ఉండి ఏడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు స్కాన్ చేసేయండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేసినప్పుడు సెక్షన్ 52(1)లో ఎన్ అనే క్లాజు చేర్చారు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర అచ్చుప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. రచయిత బతికున్నా సరే. దాని పక్కనే ఉన్న 'ఓ' అనే క్లాజు ప్రకారం, దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే గ్రంథాలయం వాడకం కోసం మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. ఈ రెండు క్లాజులూ ప్రింటు తీసి మా బీరువా తలుపు లోపల అంటించాం. కమిటీలో పెద్దవాళ్లు "కేసులవుతాయేమో" అని టెన్షన్ పడినప్పుడల్లా అదే చూపించేదాన్ని.

కానీ చట్టం ఒప్పుకున్నది దాచుకోవడానికే. నెట్‌లో పెట్టడానికి కాదు. మేము తప్పు చేసింది ఇక్కడే. మొదటి ఏడాది ఉత్సాహంలో 1960కి ముందు అచ్చయినవన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి లింకు అందరికీ పంచేశాం. రెండు నెలలకు ఒక రచయిత కుటుంబం నుంచి మెయిల్ వచ్చింది. మేము పెట్టిన ఆ రచయిత నవలను వాళ్లు మళ్లీ అచ్చు వేయించుకుంటున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. ఆ రోజే తీసేసి, క్షమించమని ఉత్తరం రాశాం.

లెక్క చూడాల్సింది పుస్తకం అచ్చయిన ఏడాది కాదు, రచయిత పోయిన ఏడాది. ఆ మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు. 1992 సవరణకు ముందు ఇది 50 ఏళ్లే ఉండేది, టాగోర్ రచనల గడువు తీరే సమయంలో పెంచారు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, కాబట్టి ఆయన రచనలు 2014 జనవరి నుంచి అందరివీ. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు, ఆయనవి 2019 నుంచి. చలం గారు 1979 దాకా ఉన్నారు కాబట్టి, ఆయన 1920ల్లో రాసినదానికి కూడా 2039 చివరి దాకా హక్కులుంటాయి. అనువాదమైతే అనువాదకుడి ఏడాది కూడా చూడాలి. తర్వాతి ముద్రణలో చేర్చిన ముందుమాటకు దాని హక్కు దానికే ఉంటుంది. ఇంకో మాట. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు బోలెడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, మీరు మొదలుపెట్టే ముందు అక్కడ వెతకండి, సగం శ్రమ తగ్గుతుంది. అయితే అక్కడ ఉన్నంత మాత్రాన గడువు తీరిపోయినట్టు కాదు. ఆ లైబ్రరీ సైటు మూతపడింది కాపీరైట్ అభ్యంతరాల వల్లే.

గడువు తీరనివాటికి ఒకటే దారి, వెళ్లి అడగడం. చాలామంది ఇస్తారు. పశువైద్యం మీద మా మండలం రచయిత ఒకాయన 1956లో సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న చిన్న పుస్తకం మా దగ్గర ఉంది. ఆయన 1981లో పోయారు. వాళ్లమ్మాయి గుంటూరులో ఉంటారని తెలిసి, పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుని వెళ్లాను. ఎనభై దాటిన మనిషి. వాళ్లింట్లో ఒక్క ప్రతి కూడా లేదట. పేజీలు తిప్పలేదు. మా గ్రంథాలయం ముద్ర మీద వేలు పెట్టి, "ఇది నాన్నగారు తనే తెచ్చి ఇచ్చిందే అయ్యుంటుందమ్మా" అన్నారు. సంతకం పెడతానన్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడి చేత కూడా పెట్టించారు. వారసులు ఎంతమంది ఉంటే అందరి సంతకాలూ కావాలి, మర్చిపోకండి.

ఆ ఉత్తరంలో మేము "ఇంటర్నెట్‌లో పెట్టడానికి మాకు అభ్యంతరం లేదు" అని ఒక్క వాక్యం రాయించుకున్నాం. తెలిసిన లాయరు గారు చూసి, ఇది చాలదన్నారు. సెక్షన్ 19 ప్రకారం గడువు రాయకపోతే అయిదేళ్లే అనుకోవాలి. ఏ దేశాలకో రాయకపోతే మన దేశం వరకే. సెక్షన్ 30ఏ వల్ల ఇది అనుమతి పత్రాలకూ వర్తిస్తుంది. అందుకని మళ్లీ వెళ్లి "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, ఉచితంగా చదువుకోవడానికి" అని రాయించుకొచ్చాను. మీరు మొదటిసారే ఇలా రాయించుకోండి. వికీపీడియా తరహా ఉచిత పుస్తకాల సైటు వికీసోర్స్‌లో కూడా పెట్టాలనుకుంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (అందరికీ ముందే అనుమతి ఇచ్చే పత్రం) పేరు అందులోనే ఉండాలి. ఆ సైటు ఒప్పుకునే రకం లైసెన్సు ఇస్తే ఎవరైనా మళ్లీ అచ్చు వేసి అమ్ముకోవచ్చు కూడా, ఆ సంగతి ఇంటివాళ్లకు ముందే విడమర్చి చెప్పాలి.

వారసులెవరో తెలియకపోతే? సెక్షన్ 31ఏ కింద లైసెన్సు అడగొచ్చు. కానీ ముందు ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి, తర్వాత దరఖాస్తు పెట్టాలి. అర్ధరూపాయి వెల ఉన్న పుస్తకం కోసం ఏ పల్లె గ్రంథాలయం అంత ఖర్చు పెట్టగలదు? అలాంటివి మా హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. చదవాలనుకున్నవాళ్లు మా ఊరికే వచ్చి అచ్చుప్రతి చూడాలి, స్కాన్ ఉన్నా పంపలేం. ఇది మారాలి. అమ్మకంలో లేని పుస్తకం స్కాన్‌ను పాఠకుడికి చూపించడానికీ, ఒకసారి ఒకరికి చొప్పున అరువివ్వడానికీ గ్రంథాలయాలకు చట్టంలో స్పష్టంగా వీలుండాలి. కాపీరైట్ చూసేది కేంద్ర వాణిజ్య శాఖ కిందున్న డీపీఐఐటీ విభాగం. అక్కడికి మా కమిటీ తరఫున రెండుసార్లు రాశాం, మీరూ రాయండి. మన ఎంపీలకు కూడా.

చట్టం మారుతుందా అని నిరాశపడకండి. చూపులేనివాళ్ల విషయంలో మారింది కదా. అదే 2012 సవరణలో వచ్చిన జెడ్‌బీ క్లాజు వల్ల, కాపీరైట్ ఉన్న పుస్తకాన్నైనా వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చి ఇవ్వొచ్చు. 2014లో, చూపులేనివాళ్లకు పుస్తకాలు అందేలా చేసే అంతర్జాతీయ మర్రాకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మనమే. మా ఊరి నుంచి డిగ్రీ చదివే చూపులేని అబ్బాయికి ఇలాగే రెండు పుస్తకాలు ఇచ్చాం. స్కాన్ బొమ్మల్ని అతని ఫోను చదవలేదు, అక్షరాలుగా మార్చాలి. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్వేర్ పాత అచ్చులో థకీ ధకీ తేడా పట్టలేకపోయింది, ఒత్తులు ఎగిరిపోయాయి. ఇద్దరు టీచర్లు కూర్చుని మూడు వారాలు దిద్దారు.

ఫోనుతో తీసినా సరిపోతుంది, పేజీ మీద గాజుపలక పెట్టి పగటి వెలుగులో తీయండి. ముందుగా అట్ట ఊడిన పుస్తకాలు పట్టుకోండి. మొదటి పేజీ కూడా పోయిందంటే రాసిందెవరో తెలియదు, ఇక ఎవరిని అనుమతి అడగాలో కూడా తెలియదు.