దాచిన ప్రశ్నకి జవాబు అడక్కు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. పర్లాకిమిడి నుంచి నువ్వు తయారుచేసి పంపిన కాలేజీ అడ్మిషన్ వెబ్ ఫారం తెరిచి చూశాను. ఓబీసీ అని ఎంచుకోగానే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వివరాలు రావడం, హాస్టల్ కావాలంటేనే గార్డియన్ ఫోన్ నంబరు అడగడం నాకు నచ్చాయి. మన వైపు పిల్లలు చాలామంది ఫోన్లోనే నింపుతారు. తమకి సంబంధంలేని ప్రశ్నలు వరసగా కనిపిస్తే మధ్యలోనే వదిలేస్తారు. కాబట్టి నువ్వు చేస్తున్నది మంచి పనే, కానీ సగంలో ఉంది.

అక్కర్లేని ఫీల్డ్‌ని, అంటే జవాబు రాసే గడిని, దాచడానికి నువ్వు సీఎస్ఎస్‌లో (పేజీ రూపం చెప్పే కోడ్‌లో) డిస్‌ప్లే నన్ పెట్టి ఊరుకున్నావు. అది కంటికి కనపడదు గానీ బ్రౌజర్ లెక్కలో ఉంటుంది. ఒక పిల్ల హాస్టల్ కావాలని నొక్కి, గార్డియన్ నంబరు రాసి, తర్వాత వద్దనుకుని మార్చిందనుకో. సబ్మిట్ నొక్కితే ఆ నంబరు కూడా ఆఫీసుకి వెళ్తుంది. ఆమెకి హాస్టల్ కావాలో వద్దో క్లర్కుకి అర్థం కాదు. రిక్వైర్డ్, అంటే తప్పక నింపాలి అని పెట్టిన ఫీల్డ్‌ని దాస్తే ఇంకా ఘోరం. అది ఖాళీగా ఉందని బ్రౌజర్ ఫారాన్ని ఆపేస్తుంది. తప్పు చూపిద్దామంటే ఫీల్డే కనపడదు కాబట్టి స్క్రీన్ మీద ఏమీ జరగదు. గొడవంతా కన్సోల్‌లో, అంటే ప్రోగ్రాం రాసేవాళ్లు చూసుకునే బ్రౌజర్ కిటికీలో, ఒక్క లైనుగా పడి ఉంటుంది. ఆఖరి తేదీ రాత్రి ఆ బటన్ని నొక్కుతూ కూర్చున్న పిల్లవాడికి కన్సోల్ అంటే ఏం తెలుసు?

దీనికి మందు చిన్నదే. ఒక జవాబు మీద ఆధారపడిన ఫీల్డులన్నీ ఫీల్డ్‌సెట్ అనే ఒక గుంపు ట్యాగులో పెట్టు. అవసరం లేనప్పుడు ఆ ఫీల్డ్‌సెట్‌కి హిడెన్ (దాచు), డిసేబుల్డ్ (పనిచెయ్యకుండా ఆపు) రెండూ కలిపి పెట్టు. డిసేబుల్ అయిన ఫీల్డులు సర్వర్‌కి వెళ్లవు, బ్రౌజర్ వాటిని తనిఖీ కూడా చెయ్యదు. అయితే సీఎస్ఎస్‌లో నువ్వు ఆ ఫీల్డ్‌సెట్‌కి ఫ్లెక్స్ లాంటి డిస్‌ప్లే ఇచ్చి ఉంటే హిడెన్ ఓడిపోయి ఫీల్డులు కనిపిస్తూనే ఉంటాయి, అది చూసుకో.

రాసిన విలువని మాత్రం చెరిపెయ్యకు. ఫోన్లో వేలు జారి వేరే బటన్ మీద పడటం మామూలే. వెనక్కి మార్చుకుంటే తాను రాసింది అలాగే దొరకాలి.

ఇక నొక్కినప్పుడల్లా ఉన్నది దాచు, దాచింది చూపు అన్నట్టు జావాస్క్రిప్టు రాయకు. ప్రస్తుతం ఏ జవాబు ఉందో చూసి, దాన్నిబట్టి నిర్ణయించే ఫంక్షన్ ఒక్కటి రాయి. జవాబు మారినప్పుడు దాన్నే పిలువు, పేజీ తెరుచుకున్నప్పుడూ దాన్నే పిలువు. ఫైర్‌ఫాక్స్ రీలోడ్ చేసినా పాత జవాబులు ఉంచుతుంది. బ్యాక్ నొక్కి వచ్చినవాళ్ల కోసం పేజీ మళ్లీ కనిపించినప్పుడు వచ్చే పేజ్‌షో ఈవెంట్‌కి కూడా ఆ ఫంక్షన్ని కట్టు. లేకపోతే ఓబీసీ అని ఉన్నా సర్టిఫికెట్ ఫీల్డ్ మూసుకునే ఉంటుంది.

స్క్రిప్టు లేకుండా, ఏ జవాబు ఎంచుకున్నారో చూసి రూపం మార్చగల సీఎస్ఎస్ హ్యాజ్‌తోనే చేసెయ్యొచ్చు కదా అంటావేమో. 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 121తో అది పెద్ద బ్రౌజర్లన్నిటికీ వచ్చింది, నిజమే. కానీ అది దాస్తుందే తప్ప డిసేబుల్ చెయ్యదు. చిన్న సూచనలు చూపడానికి వాడుకో, ఫీల్డులకి వద్దు. దాచే పని స్క్రిప్టే చెయ్యాలి. కొండల వైపు సిగ్నల్ అందక స్క్రిప్టు రాకపోతే ఫీల్డులన్నీ కనిపించనీ, వాటికి రిక్వైర్డ్ కూడా స్క్రిప్టే పెడితే నష్టం లేదు. సర్వర్‌లో ఎలాగూ మళ్లీ తనిఖీ ఉండాలి.

తెరుచుకునే ఫీల్డ్ తన ప్రశ్న కిందే ఉండాలి. స్క్రీన్ మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినే విద్యార్థి పైనుంచి కిందికి వస్తాడు. దాటొచ్చిన చోట ఏదో తెరుచుకుందని అతనికి తెలియదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు పుట్టించింది నీ జిల్లాల లిస్టు. చిరునామాకి రాష్ట్రం, జిల్లా, ఆ తర్వాత ఒడిశా అయితే బ్లాకు, ఆంధ్ర అయితే మండలం అని మార్చావు, బాగుంది. రాష్ట్రం మారిస్తే జిల్లా ఖాళీ అవ్వాలి. విలువ చెరపాల్సిన చోటు ఇదొక్కటే. కానీ పుట్టిన ఊరికి కూడా అదే లిస్టు తగిలించావు. పార్వతీపురం 2022 ఏప్రిల్ 4 దాకా విజయనగరం జిల్లాలో ఉంది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. అక్కడినుంచి వచ్చే పిల్లల బర్త్ సర్టిఫికెట్ల మీద విజయనగరం అనే ఉంటుంది. విజయనగరం ఎంచుకుంటే మండలాల్లో పార్వతీపురం కనపడదు, మన్యం ఎంచుకుంటే కాగితంతో కుదరదు. తల్లిదండ్రుల కాగితాలూ అంతే. 1992 అక్టోబరు 2కి ముందు రాయగడ, గుణుపురం కోరాపుట్ జిల్లావి, మీ పర్లాకిమిడి గంజాం జిల్లాది. ఆ కాగితాలు పట్టుకొచ్చినవాళ్లకి నీ లిస్టు దారి మూసేస్తుంది. పుట్టిన చోటుకి ఆ లిస్టు తీసెయ్యి. మామూలు టెక్స్ట్ బాక్స్ పెట్టి, సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయమను.

ఇవన్నీ సరిచేశాక హాస్టల్ కావాలని నొక్కి, ఏదో రాసి, వద్దని మార్చి సబ్మిట్ చెయ్యి. సర్వర్‌కి ఏం వెళ్లిందో బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూసి లింకు మళ్లీ నాకు పంపు. మీ అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య,
రాయగడ